బాట క్రింది తూము

ఎర్రమంచి పేరు చెప్పగానే నేటి శ్రోతకు కార్ల కర్మాగారము గుర్తుకు వచ్చును. పెనుకొండ మండలములోని ఈ గ్రామము వద్ద 536 ఎకరాల నేలలో కియా సంస్థ కర్మాగారము నెలకొల్పుటకు 2017లో ఒప్పందము కుదిరినది. 2019లో మొదటి కార్లు వెలికి వచ్చినవి. ఒకప్పుడు 7వ సంఖ్య గలదిగా మనము ఎరిగి, నేడు 44వ సంఖ్యతో పిలుచుచున్న జాతీయ రహదారి ఈ ప్రాంతము మీదుగనే కన్యాకుమారి దిక్కునకు సాగిపోవుచున్నది. రేయనక పగలనక లారీలు, ట్రెయిలర్లు దానిపై పరుగులిడుచుండును. ఇంత బరువును మోయునది నల్లని తారు పొర అని చూచువారు అనుకొందురు. ఆ తారు క్రింద, గట్టు అడుగున, అడ్డముగా పడియున్న కల్వర్టును దిగి చూచువారు అరుదు.

మేము ఈ ప్రసంగములో ఆ కల్వర్టు కథను చెప్పదలచినాము. మన సీమలో కొందరు దానిని మోరీ అందురు. కొందరు చెరువు మాటనే తెచ్చి తూము అందురు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి లెక్కలో ఆరు మీటర్ల వరకు నిడివి గల కట్టడము కల్వర్టు. అంతకు మించినది వంతెన. వంతెనకు ప్రారంభోత్సవము ఉండును, శిలాఫలకము ఉండును, పేరు కూడ ఉండును. కల్వర్టుకు రాతి మీద చెక్కిన ఒక సంఖ్య ఉన్న, అదియే గొప్ప. ఏడాదిలో పదకొండు నెలలు అది పొడిగా ఉండును. ఎండవేళ మేకలు నీడకు చేరును. ముండ్లకంప, మట్టి, ప్లాస్టిక్ సంచులు లోపల పోగుపడును. పండ్రెండవ నెలలో ఏదో ఒక రాత్రి దానికి పరీక్ష వచ్చును.

ఇంత తక్కువ వాన పడు చోట తూముల గొడవ ఏల అని ఎవరైన అడుగవచ్చును. ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కాని వాన తక్కువ అనగా వాన మెల్లగా కురియునని అర్థము కాదు. 2021 నవంబరు 19వ తేదీని గుర్తు చేసుకొందము. చెన్నేకొత్తపల్లి మండలములోని వెల్దుర్తి వద్ద చిత్రావతి వరదలో చిక్కుకొన్న పదిమందిని భారత వైమానిక దళము హెలికాప్టరుతో పైకి తీయవలసి వచ్చినది. ఎండకాలములో ఆ నదిలో చెలమ త్రవ్విననే గాని నీరు దొరకదు. కరవు సీమలో నీరు రాదు, వచ్చినచో ఆగదు. ఈ స్వభావమును మన పూర్వులు చక్కగ ఎరిగియుండిరి.

ఎరిగియుండిరి అనుటకు రాతిమీద సాక్ష్యమున్నది. 1388వ సంవత్సరములో, రెండవ హరిహరరాయల కాలమున, ఆయన కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలించుచుండగా ఒక ఆజ్ఞ వెలువడినది. పెన్న నీటిని పెనుకొండకు తేవలెనని ఆ ఆజ్ఞ సారాంశము. ఆ పనిని అప్పగించినది సింగయభట్టు అను జలసూత్ర నిపుణునకు. ఆయన ఇప్పటి కర్ణాటకములో గౌరీబిదనూరు వైపున ఉన్న కల్లూడి నుండి కాలువ త్రవ్వించి, సిరువేర చెరువునకు నీరు చేర్చి, ఆ కాలువకు ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని యువరాజు పేరు పెట్టినాడు. శాసనము ఏనుగులను, యుద్ధములను వర్ణించుట మన మెరిగినదే. ఇచ్చట నీటిపారుదల నిపుణుని పేరు రాతికెక్కినది. 1565లో రక్కసి తంగడి యుద్ధము తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినప్పటికి ఈ కాలువ కథకు నూట డెబ్బది ఏండ్లు నిండినవి.

దానికి ముందే, 1369లో, మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఇప్పటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల వద్ద పెద్ద చెరువును కట్టించి శాసనము వేయించినాడు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందులో ఉన్నది. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము వరుసగా చెప్పినది. ఆరు దోషములలో రెండింటిని శ్రోతలు ఈ ప్రసంగము ముగియువరకు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. మొదటిది, కట్ట నుండి నీరు ఊరుట. రెండవది, నీటికిని నేలకును పొందిక లేకుండుట. అనగా కొద్ది నీటికి విస్తారమైన నేల, లేక విస్తారమైన నీటికి కొద్ది చోటు. మొదటిది కట్టడపు జబ్బు, రెండవది కొలత జబ్బు. ఆరువందల యేబది యేండ్ల తరువాత నేటి ఇంజనీరు కల్వర్టు ముందు నిలిచి చూడవలసినదియు ఈ రెంటినే.

కట్టుట ఒక ఎత్తు, కాపాడుట ఒక ఎత్తు. మన రాయలసీమలో దశబంధము అను ఏర్పాటు ఉండెడిది. చెరువును త్రవ్వించినవానికి, లేక దానిని మరమ్మతులో ఉంచు బాధ్యత వహించినవానికి, కొంత భూమిని మాన్యముగా ఇచ్చెడివారు. చెరువు బాగున్నంత కాలము మాన్యము నిలుచును. ఆ కాలపు రాజులు దయామయులని చెప్పుట మా ఉద్దేశము కాదు. మరమ్మతు అనునది ఒకనాటి ఔదార్యము కాదు, ఏటేటి పని, దానికి ఏటేటి ఆదాయము కావలెను అను లెక్క వారికి తెలిసియుండెను. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన తరువాత పాత మాన్యములు క్రమముగా కుదించుకొనిపోయినవి. చెరువుల బాధ్యత సర్కారుకు, రైతుకు నడుమ ఎవరిదో తేలని స్థితి ఏర్పడినది. 1858లో మద్రాసు ప్రభుత్వము గ్రామస్థుల చేత గట్ల పని చేయించుటకు చట్టము చేయవలసి వచ్చుటయే ఆ ఇబ్బందికి నిదర్శనము.

ఇక బాటల సంగతి. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాష్ట్రమును పీడించిన ధాత కరవులో ఆకలిగొన్న ప్రజలకు కూలి కల్పించుటకై అనేక చోట్ల రోడ్లు వేయించినారు. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది. ఆ శతాబ్దపు చివరి దశాబ్దములో గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా రైలు దారి వచ్చినది. బాట అయినను, రైలు గట్టు అయినను, అది వాననీటి దారికి అడ్డము పడు కట్ట వంటిదే. చెరువు కట్ట నీటిని ఆపుటకు పుట్టినది. రోడ్డు కట్ట నీటిని ఆపరాదు. కనుక పారు ప్రతి వంకకు దాని క్రింద దారి విడువవలెను. ఎంత దారి విడువవలెనో చెప్పుటకు 1884లో రైవ్స్ అను ఇంజనీరు మద్రాసు రాష్ట్రపు అనుభవమునుండి ఒక సూత్రమును తీసినాడు. పరీవాహక ప్రదేశపు వైశాల్యమును బట్టి వరదను అంచనా కట్టు ఆ సూత్రము దక్షిణ దేశపు ఇంజనీర్లకు తరతరాలుగా చేతికర్ర అయినది.

కట్టుటకు వాడిన వస్తువు ఆ చోట దొరికినదే. నల్లరాతి సీమ గనుక ఇరుప్రక్కల రాతిగోడలు లేపి, సున్నముతో అతికి, పైన బండలు పరచినారు. ఇరువదవ శతాబ్దములో గొట్టముల కాలము వచ్చినది. ఆస్ట్రేలియా దేశస్థుడు వాల్టర్ హ్యూం 1910లో కాంక్రీటును అచ్చులో వేసి గిరగిర త్రిప్పి గట్టి గొట్టములు చేయు పద్ధతిని కనుగొన్నాడు. 1926లో వాల్‌చంద్ హీరాచంద్ ఇండియన్ హ్యూం పైపు కంపెనీని స్థాపించినారు. ఆ ఆస్ట్రేలియా వాని పేరు మన పల్లెల నాలుకపై ఎంతగా నిలిచినదనిన, ఏ కంపెనీ చేసిన కాంక్రీటు గొట్టమునైనను మనవారు హ్యూం పైపు అనియే అందురు.

ఇన్ని తరముల కట్టడములు ఒకే బాట క్రింద ఉన్నవి. వాటికి వచ్చు జబ్బులు వేరు వేరు. బండల కల్వర్టులో సున్నము కరిగిపోయి రాళ్లు కదలును. కాంక్రీటు గొట్టములో తేమ లోపలికి దిగి ఇనుప చువ్వలు తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక కాంక్రీటు పెచ్చులుగా ఊడును. వరద ఇసుకను ఈడ్చుకొనిపోవునప్పుడు అడుగు భాగము అరిగిపోవును. వీటన్నిటికంటె ప్రమాదకరమైనది గొట్టముల అతుకు విడుట. ఆ సందు నుండి గట్టులోని మన్ను వానవానకు కొంచెము కొంచెముగా కొట్టుకొనిపోవును. పైన తారు పొర చెక్కుచెదరక కనబడును. దాని క్రింద గుల్ల ఏర్పడును. ఒకనాడు బరువైన లారీ చక్రము ఆ గుల్లపై పడును. పోరుమామిళ్ల శాసనము చెప్పిన మొదటి దోషము ఇదియే: కట్టలోపల నీరు ఊరుట.

పూర్వము దీనికి ఒకే మందు ఉండెను. బాటను త్రవ్వి, పాత గొట్టమును తీసి, క్రొత్తది వేయుట. గ్రామపు మట్టిరోడ్డుకు అది నేటికిని సులభమైన మార్గమే. కాని నాలుగు మీటర్ల ఎత్తు గట్టును, జాతీయ రహదారిని, ఆగని రాకపోకలను తలచుకొన్నచో త్రవ్వుట ఎంత భారమో తెలియును. ప్రక్కదారి వేయవలెను, నెలల తరబడి బండ్లను మళ్లింపవలెను, తిరిగి పూడ్చిన మన్ను ఎంత దిమ్మిస చేసినను కొంతకాలము కుంగుచుండును.

ఈ ఇబ్బందికి విరుగుడు మొదట మురుగు కాలువల నుండి వచ్చినది. 1971లో లండన్ నగరపు హాక్నీ ప్రాంతములో ఎరిక్ వుడ్ అను ఇంజనీరు, వీధిని త్రవ్వకుండ, రెజిన్‌లో నానిన మెత్తని గుడ్డగొట్టమును పాత మురుగు కాలువలో చొప్పించి, అక్కడనే గట్టిపడునట్లు చేసినాడు. పాత గొట్టము అచ్చుగా నిలిచి క్రొత్త గొట్టమును కన్నది. అమెరికాలో అవసరము మరియొక విధముగా వచ్చినది. అచ్చట 1896 నుండి ముడతలు పెట్టిన ఇనుప రేకుతో కల్వర్టులు చేయు పద్ధతి వ్యాపించినది. 1956 తరువాత కట్టిన మహారహదారుల క్రింద అట్టివి లెక్కకు మిక్కిలిగా వేసినారు. అవి అడుగున తుప్పు పట్టి చిల్లులు పడినప్పుడు, లోపల క్రొత్త పొర తొడుగు ఉపాయములను వెదకవలసి వచ్చినది.

అందులో ఒకటి గాజునార ఒర. కత్తికి ఒర వెలుపల ఉండును. ఇచ్చట ఒర లోపల ఉండును. గాజును కరిగించి వెంట్రుకకంటె సన్నని పోగులుగా తీయు పరిశ్రమ 1930 దశకములో అమెరికాలో నిలదొక్కుకొన్నది. ఆ పోగుల అల్లికను రెజిన్ అను జిగురు పదార్థములో ముంచి గట్టిపరచినచో వచ్చునది ఫైబర్‌గ్లాస్. నారకు లాగుడు బలము, జిగురుకు పట్టు బలము. మన పల్లె గోడలలో మట్టికి గడ్డి కలుపుటయు ఇదే సూత్రము. బరువు ఉక్కులో నాలుగవ వంతు. తుప్పు అన్నది లేదు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్త కాదు. కలకత్తా నగరపు ఇటుక మురుగు కాలువలు పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున విలియం క్లార్క్ పథకము మేరకు నిర్మించినవి. మనిషి నిలిచి నడువగల ఆ పాత సొరంగములు శిథిలము కాగా, ఈ శతాబ్దపు తొలి దశాబ్దములలో వాటిలో చాల భాగమునకు గాజునార ఒరలు వేసి బాగుచేసినారు. వీధిని పొడవునా చీల్చకుండ, అక్కడక్కడ తెరచిన గుంతల ద్వారా ఒర ముక్కలను దించి, లోపల ఒకదానికొకటి అతికి, ఇటుకకును ఒరకును నడుమ సందును సిమెంటు పాలతో నింపినారు. నగరము క్రింద చేసిన పనిని బాట క్రింద చేయుటకు సూత్రములో భేదము లేదు.

పని క్రమము ఇట్లుండును. మొదట వంక పొడిగా ఉన్న నెలలలో లోపలి పూడికను తీసి కడిగి, దీపము పట్టుకొని చూడవలెను. సుత్తితో తట్టినచో గుల్ల ఉన్నచోట ధ్వని మారును. గట్టులోని గుల్లలను ముందుగా నింపవలెను. తరువాత ఒర ముక్కలను ఒక చివర నుండి లోపలికి జరిపి అతుకవలెను. చిన్న గొట్టములలోనైతే రెజిన్‌లో నానిన గాజునార సంచిని లాగి, గాలితో ఉబ్బించి, వేడినీటితోనో ఆవిరితోనో అతినీలలోహిత కాంతితోనో గట్టిపరతురు. చివరగా ఒరకును పాత గోడకును నడుమ సిమెంటు పాలు పోయవలెను.

ఈ చివరి మెట్టులోనే తొందర పనికి రాదు. 1100 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము గల ఒర, చిక్కని సిమెంటు పాలలో పూర్తిగ మునిగినచో, మీటరు పొడవునకు సుమారు 1700 కిలోల బలముతో పైకి తేలజూచును. ఒర స్వంత బరువు అందులో చాల చిన్న భాగము. ఒకేసారి నింపినయెడల అది పడవవలె లేచి పాత గొట్టపు కప్పుకు అంటుకొనును, లేదా నొక్కుకొనిపోవును. కనుక లోపల ఆనికలు పెట్టి, కొద్దికొద్దిగా, పొర ఆరిన తరువాత పొరగా పోయుదురు. సింగయభట్టు కాలపు కట్ట పనివారు మన్నును పొరపొరగా పోసి దిమ్మిస చేయుటలో చూపిన ఓర్పే ఇచ్చటను కావలెను.

జాగ్రత్తలు మరికొన్ని కలవు. గట్టిపడని రెజిన్ నుండి వచ్చు స్టైరీన్ అను రసాయనమును వంకలోనికి వదలరాదు. మన వంకల నీరు పశువులు త్రాగును. ఎండకాలమున బాట అంచుల ఎండుగడ్డికి నిప్పంటుట మన సీమలో సామాన్యము. గాజునార ఒర నిప్పునకు ఓర్వదు. కనుక రెండు మొనలను రాతికట్టుతోనో కాంక్రీటుతోనో కప్పవలెను. నున్నని ఒరలో నీరు వడిగా పారి, బయట పడుచోట నేలను కోయును. అచ్చట రాతి పరుపు వేయవలెను. ఇవన్నియు చేసినచో మొదటి దోషము తీరినట్లే.

రెండవ దోషము మిగిలినది. ఒర వేసిన పిదప కన్నము చిన్నదగును గదా, నీరు చాలునా? లెక్క చూతము. 1200 మిల్లీమీటర్ల పాత కాంక్రీటు గొట్టములో ఒర వేయగా లోపల 1100 మిల్లీమీటర్లు మిగిలినదనుకొందము. నీరు పారు వైశాల్యము నూటికి పదహారు వంతులు తగ్గినది. అయితే ఒర నునుపు ఎక్కువ. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ పేర ప్రసిద్ధమైన సూత్రములో గరుకుదనపు సంఖ్య కాంక్రీటుకు 0.013గాను, గాజునారకు 0.010గాను తీసుకొన్నచో, నిండుగా పారునప్పుడు ఒర వేసిన గొట్టము పాతదానికంటె నూటికి మూడు వంతులు ఎక్కువగనే నీరు మోయును. ఈ లెక్కను చూపి కన్నము తగ్గినను నష్టము లేదని చెప్పెడివారు కలరు.

అది సగము నిజము. పొట్టి కల్వర్టులలో తరచుగా నీటిని నిర్ణయించునది లోపలి నునుపు కాదు, ముఖద్వారము. సన్నని మూతి గల కూజాలో నీరు పోసినవారికి ఇది తెలియును. కూజా లోపల ఎంత నునుపైనను మూతి పట్టినంతయే పట్టును. అట్టి చోట ఒర వేసిన గొట్టము నూటికి పదిహేను ఇరువది వంతులు తక్కువ నీటినే తీసుకొనును. కనుక మూతిని బాకా వలె వెడల్పు చేయుట, బయటి మొనను క్రమముగా విప్పారునట్లు చేయుట, చాలనిచోట ప్రక్కన మరియొక గొట్టము వేయుట అను ఉపాయములను కూడ ఆలోచింపవలెను.

అంతకంటె పెద్ద ప్రశ్న ఒకటున్నది. పాత కల్వర్టు కట్టిననాడు దానికి వచ్చు నీరెంత, నేడు వచ్చు నీరెంత? నూరెకరాల నేలపై గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన కురిసినదనుకొందము. అది దుక్కి దున్నిన సేద్యపు నేల అయినచో వానలో మూడు పాళ్లు పారి ఏడు పాళ్లు ఇంకినదని లెక్కించిన, కల్వర్టుకు సెకనుకు సుమారు 1.7 ఘనమీటర్ల నీరు వచ్చును. 1200 మిల్లీమీటర్ల గొట్టము, నీరు కప్పువరకు లేచినప్పుడు, సుమారు రెండు ఘనమీటర్లు తీసుకొనును, సరిపోవును. అదే నేల సిమెంటు, తారు, రేకుల కప్పులతో నిండినచో పదింట ఎనిమిది పాళ్లు పారును, నీరు 4.5 ఘనమీటర్లగును. గొట్టము అదే. నీరు రెండింతలకు మించినది. పోరుమామిళ్ల శాసనపు మాటలో చెప్పవలెననిన, విస్తారమైన నీటికి కొద్ది చోటు. మేము ఏ ఒక్క కర్మాగారమును వేలెత్తి చూపుటలేదు. ఆవరణలోనే నీటిని నిలుపు గుంటలు త్రవ్వినచో ఈ భారము చాలవరకు తగ్గును. పల్లె పట్టణమగు ప్రతిచోట ఈ లెక్క మారుననియే మా మనవి.

లెక్క తప్పిన ఫలితమును తెలుగు నేల రైలు గట్లపై చూచినది. 1954 సెప్టెంబరులో జనగామ వద్ద, 1956 సెప్టెంబరు 2న మహబూబునగరము దగ్గర, వరదకు వంతెనలు కూలి ఒక్కొక్కచోట నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. మహబూబునగరపు ప్రమాదమునకు నైతిక బాధ్యత వహించి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపినారు. నెహ్రూ అప్పుడు అంగీకరింపలేదు. తరువాత ఏ.ఎన్. ఖోస్లా అధ్యక్షతన నియమించిన ఇంజనీర్ల సంఘము, వంతెనలను కనీసము యేబది యేండ్ల వరదను లెక్కలోనికి తీసుకొని కట్టవలెనని సూచించినది. అయినను 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ సమీపమున, ఎగువ చెరువు తెగి వచ్చిన నీరు రైలు గట్టుపైని చిన్న వంతెనను కొట్టుకొనిపోగా, డెల్టా ప్యాసింజరు పడిపోయి నూరుమందికి పైగా మరణించినారు. చెరువు కథయు, తూము కథయు వేరు కావని దీనికంటె విషాదకరమైన సాక్ష్యము లేదు. ఎగువ కట్టకు ఊట పట్టినప్పుడు దిగువ గట్టు ఎంత బలమైనదైనను లెక్క తప్పును.

బాట పనులలో తల నెరసిన ఒక మేస్త్రీని మేము ఒకసారి ఈ సంగతులు అడిగినాము. ఆయన సూత్రములను ఎత్తలేదు. "వంకకు దాని దావ గుర్తుంటాది సామీ, మనమే మర్సిపోతాము" అన్నాడు. రైవ్స్ సూత్రమును, ఖోస్లా నివేదికను కలిపి ఒక్క వాక్యములో చెప్పుమన్నచో ఇంతకంటె బాగుగా చెప్పగలమా అని మాకు తోచినది.

కనుక గాజునార ఒర వచ్చినదని సంతోషింపవలసినదే. బాటను కోయకుండ, బండ్లను ఆపకుండ, ఊట దోషమును మాన్పు మందు అది. కాని అది కొలత దోషమునకు మందు కాదు. ఒర వేయుటకు ముందు ఎగువకు నడచి చూడవలెను: చెరువులు ఉన్నవా, పూడినవా, మరువ ఏ దిక్కునకు పారుచున్నది, పొలములు ఇంకను పొలములేనా. పాత కన్నము నేటి నీటికి చాలుననిన ఒర వేయవచ్చును. చాలదనిన, ఎంత కష్టమైనను బాటను త్రవ్వి పెద్దది కట్టవలెను. చాలని తూమునకు మంచి ఒర తొడుగుట, పొట్టి చొక్కాకు పట్టు అస్తరు వేయుట వంటిది.

2016లో హంద్రీ నీవా పథకము ద్వారా కృష్ణానీరు పెనుకొండ సమీపమున గొల్లపల్లి జలాశయమునకు చేరినది. 1388లో పెన్నను తెచ్చిన సీమకు ఆరు శతాబ్దములు దాటిన పిమ్మట శ్రీశైలము నుండి కృష్ణ వచ్చినది. నీటిని తెచ్చు విద్యలో మనవారు ఎన్నడును వెనుకబడలేదు. వచ్చిన నీటిని పోవునట్లు చేయు విద్య, కట్టినదానిని ఏటేటా చూచుకొను విద్య, ఇవి రెండును పేరు తెచ్చు విద్యలు కావు. దశబంధమును మరల తేవలెనని మేము అనుట లేదు. ప్రతి కల్వర్టుకు ఒక పుట గల చిట్టా, ఆ పుటలో కట్టిన యేడు, కన్నపు కొలత, ఎగువ నేల వివరము, చివరిసారి దిగి చూచిన తేదీ, చూచినవాని సంతకము ఉన్న చాలును. పదకొండు పొడి నెలలు మనకు ఇచ్చినది అందుకే. పండ్రెండవ నెలలో చూచుటకు దీపము పనికి రాదు. అప్పుడు వంకయే తన దారిని వెదకుకొనును.